పేరు దాచిన దాగునా?



పేరు తీసివైచినంత మాత్రమున మనుష్యుడు మరుగుపడునా? ఈ ప్రశ్నకు 2006వ సంవత్సరమున అమెరికాలో జరిగిన యొక యుదంతము సమాధానము చెప్పుచున్నది.

అంతర్జాలమున మనము కోరిన విషయమును వెదకి చూపు సాధనమునకు సెర్చ్ ఇంజనని పేరు. అది బదులు చెప్పుటయే గాక, అడిగిన మాటను, అడిగిన వేళను వ్రాసి యుంచుకొనగలదు. అడిగినవానిని మరల పోల్చుకొనుటకు తోడ్పడు ఉపాయములలో కుకీ యొకటి. 1994లో నెట్‌స్కేప్ సంస్థయందలి లూ మాంటల్లీ దీనిని కల్పించెను. ఇది మన కంప్యూటరునందే విడువబడు చిన్న గుర్తు. చాకలి బట్టపై పెట్టు గుర్తులో పేరుండదు. అయినను బట్ట యెవరిదో చాకలి యెఱుగును. ఇదియు నట్టిదే.

2006 ఆగస్టులో ఏ.ఓ.ఎల్. అను సంస్థ, పరిశోధకుల కుపకరించునని తలచి, 6 లక్షల 50 వేలమందికి పైగా జనులు మూడు మాసములలో వెదకిన సుమారు 2 కోట్ల మాటలను బహిరంగము చేసెను. పేరులకు బదులు సంఖ్యల నుంచెను. కాని యొక సంఖ్యక్రింద ఒకే మనుష్యుని ప్రశ్నలన్నియు వరుసగా నుండెను. ఊరి పేరొకచోట, ఇంటిపేరు వేఱొకచోట బయటపడెను. న్యూయార్క్ టైమ్స్ విలేకరులు వానిని జతపఱచి, కొలది దినములలోనే యొక పెద్దామె యింటికి చేరగలిగిరి.

ఇందు గమనింపదగిన విశేష మింకొకటి కలదు. ఆమె వెదకిన వ్యాధులలో పెక్కు ఆమెవి కావు. స్నేహితుల బాధను తెలిసికొని, వారికి ధైర్యము చెప్పుటకై వెదకినవి. ఆ పట్టికను మాత్రమే చదివినవాడు ఆమెనే రోగిగా నెంచియుండును. కావున ఆ వ్రాతలు గుట్టు బయటపెట్టుటయే గాక, లేని నిందను గూడ మోపగలవు. సంస్థ క్షమాపణ చెప్పి పట్టికను తొలగించెను. అప్పటికే ప్రతులు నలుదెసల వ్యాపించెను.

మన దేశమున 2017 ఆగస్టు 24వ తేదీన సుప్రీంకోర్టునందు తొమ్మండుగురు న్యాయమూర్తులు, గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకై శాసనము వెలువడెను. ఇవి మేలైన కట్టుబాట్లే. అయినను మనుమలచేత ఫోనులో రోగమును గూర్చియో, అప్పును గూర్చియో అడిగించు పెద్దలు ఒక్కమాట తెలిసికొనవలెను: ఫోనులోని జాబితాను తుడిచినంతనే సంస్థ కడనున్న లెక్క తుడుపుపడదు. అవి రెండును వేఱువేఱు పుస్తకములు.