ఉల్లి, వెల్లుల్లిలో తుప్పు తెగులు... గుర్తిస్తేనే మేలు

కర్నూలు వ్యవసాయం: ఉల్లి మడిలో ఆకు పసుపుబారినా, మచ్చపడినా వెంటనే మందు కొట్టడం పరిపాటి. వచ్చిన తెగులు ఏదో తెలియకుండా చేసే పిచికారీ వల్ల ఖర్చు పెరగడమే తప్ప పైరు కోలుకోదు. తుప్పు తెగులుకు, ఈ ప్రాంతంలో తరచూ కనిపించే ఊదారంగు మచ్చ తెగులుకు గల తేడాను రైతులు తెలుసుకోవడం అవసరం.

తుప్పు తెగులుకు కారణం 'పక్సీనియా అల్లై' అనే శిలీంద్రం. వెల్లుల్లి, ఐరోపాలో విరివిగా పండించే లీక్ పంటలను ఇది ఎక్కువగా నష్టపరుస్తుంది. ఉల్లికీ సోకుతుంది గానీ తీవ్రత సాధారణంగా తక్కువ.

లక్షణాలు
తొలుత ఆకులపై చిన్న తెల్లని చుక్కలు ఏర్పడతాయి. క్రమేణా అవి పొక్కులుగా ఉబ్బి, పైపొర చిట్లి నారింజ రంగు పొడి బయటపడుతుంది. వేలితో రుద్దితే ఆ పొడి అంటుకుంటుంది. పంట ముదిరే దశలో నల్లని పొక్కులు కూడా కనిపిస్తాయి. ఉద్ధృతి పెరిగితే ఆకులు ఎండిపోయి గడ్డ ఊరదు.

ఊదారంగు మచ్చ తెగులులో ఇలా పొడి రాలదు. ఆకులు, పూకాడలపై కోలగా, లోనికి నొక్కుకుపోయినట్లుండే మచ్చలు ఏర్పడి నడుమ ఊదారంగుకు మారతాయి. దీనికి 'ఆల్టర్నేరియా పోరి' అనే వేరొక శిలీంద్రం కారణం.

వ్యాప్తి
తుప్పు శిలీంద్రం సజీవమైన మొక్కపైనే పెరుగుతుంది. దాని బీజాలు గాలిలో చాలా దూరం ప్రయాణిస్తాయి. ఉష్ణోగ్రత సుమారు 14 నుంచి 24 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండి, గాలిలో తేమ నిండుగా ఉంటే తెగులు వేగంగా సోకుతుంది. అంతకు మించిన వేడిలో మందగిస్తుంది. అందువల్ల చల్లని ప్రాంతాల వెల్లుల్లికే ముప్పు అధికం. కర్నూలు ఖరీఫ్ ఉల్లికి ఊదారంగు మచ్చ తెగులుదే ప్రధాన బెడద.

అమెరికాలోని కాలిఫోర్నియాలో 1998లో తుప్పు తెగులు విజృంభించి వెల్లుల్లి దిగుబడులను తీవ్రంగా దెబ్బతీసింది. వేరుశనగలో వచ్చే తుప్పు తెగులుకు కారణమైన 'పక్సీనియా అరాచిడిస్' వేరే జాతి శిలీంద్రం. కాబట్టి వేరుశనగ చేను నుంచి ఉల్లికి ఇది పాకదు.

యాజమాన్యం
* తెగులు వచ్చిన పొలంలో రెండు, మూడేళ్లు ఉల్లి జాతి పంటలు వేయకుండా పంట మార్పిడి చేయాలి.
* పాత గడ్డల నుంచి దానంతట అదే మొలిచిన మొక్కలను పీకివేయాలి.
* మురుగునీరు నిలవకుండా చూడాలి. నత్రజని ఎరువులు మోతాదు మించరాదు.
* టెబుకొనజోల్, అజాక్సీస్ట్రోబిన్ వంటి మందులు తెగులు తొలిదశలోనే పనిచేస్తాయి. పొక్కులు ఆకంతా కమ్మాక ఫలితం స్వల్పం.
* ఉల్లి ఆకు నున్నగా ఉండి మందు జారిపోతుంది గనుక ద్రావణంలో జిగురు మందు కలపాలి.

అనుమానం ఉంటే తెగులు సోకిన ఆకును సమీప కృషి విజ్ఞాన కేంద్రంలో లేదా ఉద్యాన అధికారికి చూపించి, నిర్ధారణ అయ్యాకే వారు సూచించిన మందును, మోతాదును వాడాలి.