న్యూస్‌ప్రింట్‌లో ఖనిజ పూరకాలు

వార్తాపత్రికల కాగితం తయారీలో కలప గుజ్జుకు కలిపే మెత్తని ఖనిజపు పొడులే పూరకాలు, మిల్లుల్లో ఫిల్లర్లంటారు. చైనా మట్టి, టాల్క్, కాల్షియం కార్బొనేట్, టైటానియం డయాక్సైడ్, కృత్రిమ సిలికా వీటిలో ముఖ్యమైనవి. రాత కాగితంలో వీటి వాడకం పాతదే. న్యూస్‌ప్రింట్‌లోకి మాత్రం ఆలస్యంగా వచ్చాయి.

అందుకు కారణం గుజ్జులోనే ఉంది. జర్మనీలో ఫ్రీడ్రిక్ కెల్లర్ 1840లలో కలపను తిరిగే సానరాయికి ఒత్తి అరగదీసే పద్ధతి కనిపెట్టాడు. అలా వచ్చిన గుజ్జులోని సన్నని నలుసులు వెలుగును బాగా చెదరగొడతాయి కనుక పూరకం లేకున్నా అచ్చు అవతలి పక్కకు అంతగా కనిపించేది కాదు. పైగా ఖనిజం పీచుల మధ్య పట్టును సడలిస్తుంది. రోటరీ యంత్రం మీద వేగంగా పరుగెత్తే కాగితం తెగితే ముద్రణ ఆగిపోతుంది. అంత నష్టానికి ఎవరూ సిద్ధపడలేదు.

కాగితం పలచబడటంతో లెక్క మారింది. ఉత్తర అమెరికాలో చదరపు మీటరుకు 52 గ్రాములున్న న్యూస్‌ప్రింట్ 1970లలో 48.8కి దిగింది, తర్వాత 45కి. పత్రికల సిరాలో నూనె ఉంటుంది. అది పీచుల మధ్య గాలి ఉన్న చోట చేరితే అక్కడ కాగితం పారదర్శకమవుతుంది. బజ్జీలు కట్టిన పేపరు మీద జరిగేదీ ఇదే. నూనెను పీల్చి పట్టి ఉంచడానికి సిలికా, కాల్చిన చైనా మట్టి పనికొచ్చాయి. చైనా మట్టిని సుమారు 1000 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలిస్తే అందులోని నీరు పోయి, రేణువుల మధ్య సూక్ష్మమైన ఖాళీలు మిగులుతాయి. టైటానియం డయాక్సైడ్ వక్రీభవన గుణకం రూటైల్ రూపంలో 2.7, పీచుది 1.5 మాత్రమే. ఈ తేడా వల్ల వెలుగు బాగా చెదిరి, చిటికెడు వేసినా ప్రభావం కనిపిస్తుంది, కానీ ఖరీదు ఎక్కువ. తెలుపు ఒక్కటే చాలదనడానికి మంగంపేట ముగ్గురాయి (బేరియం సల్ఫేటు) మంచి ఉదాహరణ: దాని సాంద్రత నీటికి దాదాపు 4.5 రెట్లు. గ్రాములు తగ్గించుకునే కాగితానికి అది బరువే. ఫొటో కాగితపు పూతలో మాత్రం ఆ బేరియం సల్ఫేటునే శుద్ధి చేసిన రూపంలో వాడారు. 

కాల్షియం కార్బొనేట్‌కు అడ్డుపడింది మిల్లుల్లో గుజ్జుకు కలిపే పటిక. దాని వల్ల మిల్లు నీరు ఆమ్లంగా ఉండి, కార్బొనేట్ కరిగి కార్బన్ డయాక్సైడ్ వెలువడి నురగ కట్టేది. పోనీ క్షారం వైపు మళ్లిద్దామంటే అరగదీసిన గుజ్జు నల్లబడుతుంది. చివరికి దారి తెరిచినవి పాత పేపర్లు. సిరా తీసేందుకు వార్తాపత్రికలతో పాటు పూత పూసిన మ్యాగజైన్లనూ నానబెడతారు. వాటిలోని మట్టి, కార్బొనేట్‌లలో కొంత గుజ్జులోనే మిగిలిపోతుంది. ఇలా అడగకుండానే చేరే ఖనిజానికి తగ్గట్టు మిల్లులు నీటిని తటస్థ స్థితికి మార్చుకున్నాయి. ఆఫ్‌సెట్ ముద్రణలో ఇబ్బందులూ లేకపోలేదు: సరిగా పట్టని పొడి రాలి బ్లాంకెట్ అనే రబ్బరు పొర మీద పేరుకుంటుంది, ఆమ్లపు తడిలో కరిగిన కాల్షియం రోలర్ల మీద తెట్టు కడుతుంది.