విరామం ఎవరిది? - ప్రసూతి చట్టాల చరిత్రలో తల్లి విశ్రాంతి

వ్యాససంగ్రహం

ఉద్యోగం, శిశుపోషణ, స్వీయక్షేమం అనే మూడింటి సమతూకాన్ని సాధారణంగా వ్యక్తి సామర్థ్యానికి సంబంధించిన విషయంగా పరిగణిస్తారు. భారతదేశంలో 1929 నుండి 2018 వరకు వచ్చిన కొన్ని చట్టాలను, సెలవు నిబంధనలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ప్రసవానికి, శిశువుకు క్రమంగా లభించిన గుర్తింపు తల్లి విశ్రాంతికి లభించలేదని నిరూపించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: ప్రసూతి ప్రయోజనం, శిశుగృహం, విశ్రాంతి, బీడీ కార్మికులు, పితృత్వ సెలవు

1. ఉపోద్ఘాతం

పనికి వెళ్లే తల్లికి మన సమాజం తరచుగా ఇచ్చే సలహా "సర్దుకోవాలి" అన్నది. ఎవరు సర్దుకోవాలి, దేనిని వదులుకొని సర్దుకోవాలి అన్న ప్రశ్నలకు ఆ మాటలో సమాధానం ఉండదు. చట్టానికి ఆ సౌలభ్యం లేదు. ఎవరికి, ఎంతకాలం, ఎవరి ఖర్చుతో అన్నది అది స్పష్టంగా చెప్పవలసి ఉంటుంది. కాబట్టి తల్లి సమయాన్ని సమాజం ఎలా విభజించిందో తెలుసుకోవడానికి చట్టపాఠం ఒక ముఖ్యమైన ఆధారం.

2. విశ్రాంతి హక్కుగా రూపొందిన దశ

ప్రసవానంతరం 6 వారాలపాటు స్త్రీచేత పని చేయించరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో ఒక ఒడంబడికను ఆమోదించింది. భారతదేశంలో తొలి ప్రధాన చట్టం 1929లో బొంబాయి రాష్ట్రంలో వచ్చింది. అంతకుముందు 1928లో బొంబాయి శాసనమండలిలో ఆ బిల్లును సమర్థిస్తూ డా. బి.ఆర్. అంబేద్కర్ చేసిన వాదన గమనించదగినది. ప్రసవానికి ముందు, తరువాత తల్లికి విశ్రాంతి లభించడం జాతి ప్రయోజనమని ఆయన ప్రతిపాదించారు. అందుచేత దాని వ్యయంలో ప్రభుత్వం కూడా భారం వహించాలని భావించారు.

1934 నాటి మద్రాసు ప్రసూతి ప్రయోజన చట్టం ఆనాటి మద్రాసు రాష్ట్రంలో అంతర్భాగాలైన కోస్తాంధ్ర, రాయలసీమలలోని ఫ్యాక్టరీ కార్మికురాళ్లకూ వర్తించింది. 1941లో గని కార్మికురాళ్లకు ప్రత్యేక చట్టం వచ్చింది. రాజ్యాంగం 42వ అధికరణలో ప్రసూతి సహాయాన్ని ఆదేశిక సూత్రంగా చేర్చింది. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం 12 వారాల వేతన సెలవును నిర్దేశించింది. 2017 సవరణ మొదటి ఇద్దరు పిల్లల విషయంలో దానిని 26 వారాలకు పెంచింది. ఉద్యోగుల రాజ్య బీమా పరిధిలో ఉన్నవారికి బీమా నిధి నుండి ప్రయోజనం లభిస్తుంది. ఆ పరిధికి వెలుపల ఈ చట్టం కింద వేతనభారం యజమానిదిగానే ఉండేది. వ్యయాన్ని సమాజం పంచుకోవాలన్న 1928 నాటి ఆలోచన ఆ మేరకు అమలుకు నోచుకోలేదు.

3. శిశుగృహం - లెక్కింపు పద్ధతి

సెలవు ముగిసిన తరువాత శిశువు ఎక్కడ ఉండాలన్నది రెండవ ప్రశ్న. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 50 మందికి మించి స్త్రీలు పనిచేసేచోట ఆరేళ్లలోపు పిల్లలకు శిశుగృహం ఉండాలన్నది. 1976లో ఆ సంఖ్యను 30కి తగ్గించారు. ఈ రెండు సందర్భాలలోనూ లెక్కించింది స్త్రీలను మాత్రమే. ఫలితంగా శిశుగృహం స్త్రీలను పనిలోకి తీసుకున్నందుకు అయ్యే అదనపు ఖర్చుగా కనిపిస్తుంది. 50 మంది, అంతకుమించి ఉద్యోగులున్న ప్రతి సంస్థకూ క్రెష్ తప్పనిసరి చేసిన 2017 సవరణ పురుషులను కూడా లెక్కలోకి తీసుకొంది. భావనాపరంగా ఇది ముఖ్యమైన మార్పు.

అయితే పనిచేసేచోటే ఇల్లయినప్పుడు ఈ లెక్క వర్తించదు. తెలంగాణలో నిజామాబాదు, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల స్త్రీలు తునికాకు, తంబాకు తెచ్చుకొని ఇంటివద్ద బీడీలు చుట్టి కార్ఖానాకు అప్పగిస్తారు. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ప్రసూతి ప్రయోజనాన్ని ఇంటివద్ద పనిచేసేవారికి కూడా విస్తరింపజేసింది. శిశుగృహ నిబంధనను మాత్రం పారిశ్రామిక ఆవరణకే పరిమితం చేసింది. ఒడిలో చాట, పక్కన పసిబిడ్డ ఉన్న తల్లి ప్రసవం ఆ చట్టానికి కనిపించింది. ఆ తరువాతి ఆరేళ్లు కనిపించలేదు. ఇంట్లోనే ఉన్న తల్లికి శిశుసంరక్షణలో సహాయం అక్కరలేదన్న భావన ఇందులో అంతర్లీనంగా ఉంది.

4. కలిసిపోయిన విరామం

ఈ పరిశీలనలో అత్యంత కీలకమైన ఆధారం 1961 చట్టంలోని రెండు సెక్షన్ల మధ్య గల పదభేదం. పనిలో తిరిగి చేరిన తల్లికి బిడ్డ 15 నెలల వయసు వచ్చేవరకు రోజుకు రెండుసార్లు పాలిచ్చే విరామం ఉండాలని 11వ సెక్షన్ నిర్దేశించింది. మామూలు విశ్రాంతి విరామానికి ఇది అదనమని స్పష్టంగా పేర్కొంది. 2017లో చేర్చిన 11ఎ సెక్షన్ తల్లి రోజుకు నాలుగుసార్లు క్రెష్‌కు వెళ్లవచ్చునంది. కాని విశ్రాంతి విరామం కూడా ఆ నాలుగింటిలో చేరి ఉంటుందని చెప్పింది.

ఆ సవరణ పాత సెక్షన్‌ను తొలగించలేదు. అయినా రెండింటి దృష్టిలో తేడా స్పష్టం. మొదటిదానిలో బిడ్డకిచ్చే సమయం, తల్లి తనకోసం ఉంచుకొనే సమయం వేర్వేరు. రెండవదానిలో బిడ్డను చూసుకోవడమే తల్లి విశ్రాంతి. సౌకర్యాన్ని పెంచిన సవరణే విశ్రాంతిని అందులో విలీనం చేసింది. లెక్కింపులో పురుషులకూ చోటిచ్చిన ఆ సెక్షనే, క్రెష్‌కు వెళ్లే వ్యక్తిగా స్త్రీని మాత్రమే పేర్కొనడం కూడా విస్మరించదగినది కాదు.

5. తండ్రి స్థానం

కేంద్రప్రభుత్వ నిబంధనలలో పితృత్వ సెలవు 15 రోజులు. 2008లో మహిళా ఉద్యోగులకు సర్వీసు మొత్తంలో 730 రోజుల శిశుసంరక్షణ సెలవు మంజూరైంది. తెలుగు రాష్ట్రాలు కూడా ఇంతకంటె తక్కువ రోజులతో దీనిని ప్రవేశపెట్టాయి. 2018లో కేంద్రం ఈ సెలవును ఒంటరి పురుషులకు, అనగా అవివాహితులు, భార్యను కోల్పోయినవారు, విడాకులు పొందినవారైన తండ్రులకు, విస్తరింపజేసింది. అంటే తల్లి తోడు లేనప్పుడే తండ్రి సంరక్షకుడిగా గుర్తింపు పొందాడు. ఇద్దరూ ఉన్న ఇంట్లో శిశుసంరక్షణ స్త్రీ బాధ్యతేనన్న నిర్ణయాన్ని ఈ మినహాయింపు మరింత బలపరుస్తుంది.

6. ముగింపు

పై చట్టాల ప్రయోజనాన్ని ఈ వ్యాసం తక్కువచేయడం లేదు. 26 వారాల సెలవు అనేకమంది తల్లుల ఉద్యోగాలను, ఆరోగ్యాన్ని కాపాడగల చట్టబద్ధమైన హక్కు. కాని సెలవు దినాలు పెరగడం ఒకటి, బాధ్యత పంపిణీ కావడం మరొకటి. తల్లి విశ్రాంతి జాతి ప్రయోజనమన్న వాదన నుండి శిశుసంరక్షణలోనే ఆమె విశ్రాంతి చేరి ఉందన్న నిబంధన వరకు సాగిన ఈ చరిత్రలో స్వీయక్షేమానికి ప్రత్యేకమైన చోటు క్రమంగా కుదించుకుపోయింది. 11వ సెక్షన్‌లోని "అదనంగా" అన్న భావాన్ని క్రెష్ నిబంధనలో పునరుద్ధరించడం, ఆ నిబంధనను తండ్రికీ వర్తింపజేయడం, ఇంటివద్ద పనిచేసే స్త్రీలకు నివాసప్రాంతంలోనే శిశుగృహాలు ఏర్పరచడం - ఈ మూడూ జరిగినప్పుడే సమతూకం ఒక్కరు మోసే బరువు కాకుండా ఉంటుంది.