ఆ తాడు ఎవరు లాగాలి?

ఫ్రీమాంట్ లో మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. 880 ఫ్రీవే మీద శాన్ హోసే వైపు వెళ్తుంటే పక్కనే తెల్లగా, పొడుగ్గా టెస్లా ఫ్యాక్టరీ కనిపిస్తుంది. అది చూసి ఎలాన్ మస్క్ గురించి ఓ పావుగంట వాదించుకోవడం మామూలే. టెస్లా రాకముందు ఆ కప్పు కింద ఏం జరిగిందో మాత్రం మాట్లాడుకునేవాళ్ళు తక్కువ. మనం ఆఫీసుల్లో రోజూ కాన్‌బాన్ అనీ, కైజెన్ అనీ, లీన్ అనీ అర్థం తెలిసీ తెలియకా వాడేస్తుంటాం చూడండి, అమెరికా లో ఆ మాటలకి గట్టి పరీక్ష జరిగింది అక్కడే.

నాకు ఈ కథ మీద ఆసక్తి కలగడానికి కారణం క్రాస్ కల్చరల్ ట్రైనింగ్. మీలో చాలామంది కూర్చునే ఉంటారు. ఇండియన్స్ "నో" అని చెప్పలేరు, జర్మన్లు మొహమ్మీద చెప్పేస్తారు, జపాన్ వాళ్ళు అందరితో మాట్లాడిగానీ ఏ నిర్ణయమూ తీసుకోరు, అమెరికన్లు ఎవరికి వాళ్ళే... ఇలా దేశానికో స్లైడు. వీటి వెనకాల సాధారణంగా ఉండేది హాఫ్‌స్టెడ్ అనే డచ్చాయన. 1967-73 మధ్య ఐబీఎం ఉద్యోగుల మీద చేసిన సర్వేల్ని తీసుకుని, 1980 లో ఓ పెద్ద పుస్తకం రాశాడు. అందులో "పవర్ డిస్టెన్స్" అని ఒక కొలత. పైవాడికీ కిందవాడికీ మధ్య దూరం ఉండటం సహజమేనని ఒక సమాజం ఎంతవరకు ఒప్పుకుంటుంది అన్నమాట. ఇండియా కి 77, జపాన్ కి 54, అమెరికా కి 40.

ఈ లెక్కన "బాసూ, పని ఆపు, ఇక్కడ తప్పు జరుగుతోంది" అని అమెరికా వాడు అందరికంటే సులువుగా అనెయ్యాలి. జపాన్ వాడు కాస్త నసగాలి. మనం అయితే నోరే ఎత్తకూడదు. ఫ్రీమాంట్ లో జరిగింది దీనికి సరిగ్గా తలకిందులు.

ఆ ఫ్యాక్టరీ కట్టింది జనరల్ మోటార్స్, 1960ల మొదట్లో. 70ల చివరికి వచ్చేసరికి దానికి దేశం మొత్తం మీద చెడ్డపేరు. రోజూ దాదాపు ఐదో వంతు మంది పనికి వచ్చేవాళ్ళు కాదు. సోమవారం అయితే లైను నడపడానికి మనుషులు దొరక్క రోడ్డవతల బార్ల లో వెతికేవాళ్ళని చెప్పుకుంటారు. లోపల తాగుడు, జూదం. మేనేజర్ల మీద కోపమొస్తే కారు డోర్ లోపల ఖాళీ కోక్ సీసా పడేసి బిగించేసేవాళ్ళు. కొనుక్కున్న ఖర్మానికి ఆ లొడలొడ చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందో కస్టమర్ వెతుక్కోవాలి! ఒక్కో మూడేళ్ళ ఒప్పందం కాలం లో యూనియను వేసే ఫిర్యాదులు 5 వేల నుంచి 7 వేల దాకా ఉండేవి. అక్కడి యూనియను వ్యవహారాలు చూసే ప్రాంతీయ నాయకుడి పేరు బ్రూస్ లీ (ఆయన కాదులెండి, ఇంకో ఆయన). అమెరికా కార్ల పరిశ్రమ లో అంతకంటే పనికిమాలిన మంద లేదన్న పేరుండేదని తన సొంత యూనియను వాళ్ళ గురించి ఆయనే ఒప్పుకున్నాడు.

అయితే ఒక్క విషయం. జి.ఎం. లో అన్నిటికంటే పవిత్రమైన సూత్రం - లైను ఆగకూడదు. ఇంజన్ తిరగేసి బిగించినా, బంపర్ లేకపోయినా కారు ముందుకు పోవాల్సిందే. చివర్లో రిపేరు యార్డు ఉంది, అక్కడ చూసుకుంటారు. (మన భాష లో "యూఏటీ లో పట్టుకుంటారులే".) లైను ఆపినవాడి ఉద్యోగం గ్యారంటీ లేదు. పవర్ డిస్టెన్స్ 40 ఉన్న దేశం లో, పక్కన బలమైన యూనియను ఉండి కూడా, కళ్ళముందు తప్పు జరుగుతుంటే చెయ్యెత్తి ఆపే హక్కు పనివాడికి లేదు.

1982 లో జి.ఎం. దాన్ని మూసేసింది.

అదే సమయం లో టయోటా కి వేరే తలనొప్పి. 1981 నుంచి జపాన్ కార్ల ఎగుమతి మీద పరిమితి వచ్చింది, అమెరికా ఒత్తిడి వల్ల. ఇక అక్కడే కార్లు తయారుచెయ్యాలి. హోండా 1982 లో ఒహాయో లో, నిస్సాన్ 1983 లో టెనెసీ లో సొంతంగా మొదలెట్టేశాయి. టయోటా కి భయం. మా పద్ధతి అమెరికా పనివాళ్ళతో నడుస్తుందా అని. అందుకని ఒంటరిగా దూకకుండా 1983 లో జి.ఎం. తో సగం సగం వాటా మీద ఒప్పందం చేసుకుంది. జి.ఎం. ఫ్యాక్టరీ ఇస్తుంది, టయోటా నడుపుతుంది. జి.ఎం. కి చిన్న కార్లు లాభానికి తయారుచెయ్యడం నేర్చుకోవాలని ఉంది, టయోటా కి అమెరికన్లతో పని చేయించడం నేర్చుకోవాలని ఉంది. కొత్త కంపెనీ పేరు నమ్మీ.

తర్వాత చేసిందే అసలు విచిత్రం. పాతవాళ్ళనే వెనక్కి తీసుకున్నారు. మొదటి విడత కార్మికుల్లో దాదాపు 85 శాతం పాత ఫ్రీమాంట్ వాళ్ళే. యూనియను అదే, నాయకులూ వాళ్ళే.

వీళ్ళలో టీం లీడర్లు, గ్రూప్ లీడర్లు కాబోయే కొన్ని వందలమందిని బృందాలుగా జపాన్ లో తకావోకా ఫ్యాక్టరీ కి పంపించారు. క్లాసురూం పాఠాల కంటే లైను మీద జపాన్ వాళ్ళ పక్కన నిలబడి పనిచెయ్యడమే ఎక్కువ. అక్కడ చూసిన వాటిలో వాళ్ళని బాగా కుదిపేసింది, లైను పొడుగునా తలకి పైన వేలాడుతున్న తాడు. ఆండన్ అంటారు. పనిలో ఏ తేడా కనిపించినా ఎవరైనా లాగొచ్చు. లాగగానే లైను ఠక్కున ఆగిపోదు. దీపం వెలుగుతుంది, ఒక పాట మోగుతుంది, టీం లీడర్ పరిగెత్తుకొస్తాడు. కారు ఆ స్టేషన్ దాటేలోపు, అంటే సుమారు ఒక నిమిషం లో సరిచేయగలిగితే మళ్ళీ లాగుతారు, లైను సాగిపోతుంది. లేకపోతే ఆగుతుంది. వచ్చిన లీడరు "ఎవడ్రా ఆపింది" అనడు. ఏమైంది, నేనేం చెయ్యాలి అని అడుగుతాడు.

ఈ ఆలోచన కార్లలో పుట్టింది కాదు, మగ్గం మీద పుట్టింది. టయోటా కుటుంబానికి మూలపురుషుడు సకిచీ టయోడా మగ్గాలు చేసేవాడు. 1924 నాటి వాళ్ళ జి రకం మగ్గం లో పడుగు పోగు తెగితే మగ్గం తనంతట తానే ఆగిపోతుంది. తెగిన పోగుతోనే నేసుకుంటూ పోతే గజాల కొద్దీ బట్ట పాడవుతుంది కదా. చేనేత ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ మగ్గం హక్కులు 1929 లో ఇంగ్లండు కంపెనీ ప్లాట్ బ్రదర్స్ కి లక్ష పౌండ్లకి అమ్మారు, ఆ డబ్బు కార్ల ప్రయత్నానికి ఆసరా అయింది.

"జపాన్ వాళ్ళ రక్తం లోనే సామరస్యం ఉంది" అనే మాట కూడా చరిత్ర ముందు నిలబడదు. 1950 లో టయోటా దివాలా అంచుకి వెళ్ళింది. పెద్ద సంఖ్య లో ఉద్యోగుల్ని తీసేశారు, పెద్ద సమ్మె జరిగింది, కంపెనీ స్థాపకుడు కిచిరో టయోడా అధ్యక్ష పదవికి రాజీనామా చేశాడు. ఉద్యోగ భద్రత కంపెనీ ది, పనిలో సహకారం కార్మికుడిది అనే లెక్క అలాంటి గొడవల్లోంచి తేలింది. అంటే అది సంస్కృతి కంటే ముందు ఒక ఒప్పందం. అదే సంవత్సరం ఐజీ టయోడా డెట్రాయిట్ వెళ్ళి ఫోర్డ్ ఫ్యాక్టరీ ని చూసి పాఠాలు రాసుకుని వచ్చాడు. ఎవరు ఎవరి సంస్కృతి నేర్చుకున్నారో ఇప్పుడు చెప్పండి!

సరే, మళ్ళీ ఫ్రీమాంట్ కి వద్దాం. 1984 డిసెంబర్ లో మొదటి కారు, షెవ్రొలే నోవా, బయటికొచ్చింది. మేనేజర్లకి వేరే భోజనశాల లేదు, వేరే పార్కింగ్ లేదు. పాత రోజుల్లో ఉత్పత్తి పనులకి సుమారు 80 రకాల హోదాలు ఉంటే ఇప్పుడు ఒక్కటే. ఐదారుగురికి ఒక టీం. ఏ పని ఎన్ని సెకన్లలో ఎలా చెయ్యాలో స్టాప్‌వాచీ పట్టుకుని లెక్కేసేది బయటినుంచి వచ్చిన ఇంజనీరు కాదు, ఆ పని చేసేవాళ్ళే.

ఇదేదో స్వర్గం అనుకోవద్దు. పాల్ ఆడ్లర్ అనే ప్రొఫెసర్ 1993 లో రాసిన లెక్క ప్రకారం జి.ఎం. కాలం లో నిమిషానికి 45 సెకన్లు పనిచేసిన మనిషి, నమ్మీ లో 57 సెకన్లు చేస్తున్నాడు. దీన్ని "ఒత్తిడి తో పాలించడం" అని తిట్టినవాళ్ళు ఉన్నారు, యూనియను లోనే వ్యతిరేక వర్గం ఉంది. వాళ్ళ మాట కొట్టిపారెయ్యాల్సింది కాదు. అయినా గైర్హాజరు 3-4 శాతానికి పడిపోయింది. 1986 చివరికి ఉత్పాదకత పాత ఫ్రీమాంట్ కి రెట్టింపు దాటింది. ఎం.ఐ.టి. వాళ్ళు 1987 లో పోల్చి చూస్తే ఒక కారు బిగించడానికి జి.ఎం. ఫ్రేమింగ్‌హామ్ ఫ్యాక్టరీ లో 31 గంటలు, తకావోకా లో 16, నమ్మీ లో 19. నూరు కార్లకి లోపాలు ఫ్రేమింగ్‌హామ్ లో 135, తకావోకా లో 45, నమ్మీ లోనూ 45. ఆ పనికిమాలిన మంద జపాన్ వాళ్ళతో సమానంగా తయారుచేసింది.

1988 లో అసలు పరీక్ష వచ్చింది. అమ్మకాలు పడిపోయి ఫ్యాక్టరీ సామర్థ్యం లో 60 శాతానికి అటూ ఇటూ మాత్రమే నడుస్తోంది. పాత జి.ఎం. అయితే గులాబీ కాగితాలు పంచేసేది. నమ్మీ ఒక్కరినీ తీసెయ్యలేదు. పనిలేని వాళ్ళని ట్రైనింగులకీ, కైజెన్ పనులకీ మళ్ళించింది. తాడు లాగితే ఏమీ కాదు అని గోడ మీద పోస్టర్ అతికించడం వేరు, మాట ఇచ్చాక నష్టం భరించి నిలబెట్టుకోవడం వేరు.

ఇక్కడ నా గోల కొంచెం చెప్పుకోవాలి. చాలా ఏళ్ళ కిందట ఒక డేటా మైగ్రేషన్ ప్రాజెక్టు లో ఆఫ్‌షోర్ లో ఉన్నాను. రిలీజు శనివారం. గురువారం రాత్రి చూస్తే రెండు వైపులా రో కౌంట్లు కలవట్లేదు. మా లీడ్ కి చెప్పాను. "తమ్ముడూ, ఇప్పుడేం కదపకు. ముందు ఎస్ అనేద్దాం, వీకెండ్ చూసుకుందాం" అన్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు. కాల్ లో క్లయింట్ మేనేజరు అడిగింది, ఏమైనా అనుమానాలున్నాయా అని. మా వైపు ఎనిమిదిమంది. మ్యూట్ లో ఉన్నాం. ఏం జరిగిందో మీరు ఊహించగలరు. తర్వాత రిపోర్టు లో "కమ్యూనికేషన్ గ్యాప్" అని రాసి, మా టీం మొత్తానికి ఒక రోజు ట్రైనింగ్ పెట్టించారు. ఇండియన్స్ "నో" చెప్పలేరు అనే స్లైడు నేను మొదటిసారి చూసింది ఆ రోజే. స్లైడు లో లేనిదేంటంటే, అంతకుముందు రిలీజు లో మా టీం లో ఒకావిడ "నో" చెప్పింది. ఎస్కలేట్ చేసి మరీ చెప్పింది. ఆ ఏడాది ఆవిడకి వచ్చిన రేటింగ్ మాకందరికీ తెలుసు. ఆ ఎనిమిదిమంది నోళ్ళు మూయించింది 77 అనే అంకె కాదు, ఆ రేటింగ్.

జి.ఎం. ఈ పాఠం ఎంత నేర్చుకుందంటే... ఏం చెప్తాం. నమ్మీ లో నేర్చుకోవడానికి 16 మంది మేనేజర్లని పంపింది. టయోటా వాళ్ళు ఏదీ దాచలేదు, అన్నీ చూడనిచ్చారు. వెనక్కొచ్చినవాళ్ళ మాట వినే నాథుడు లేడు. ఫ్యాక్టరీ లో ప్రతి అంగుళం ఫోటో తీసుకొచ్చి అలాగే పెట్టేయండి అన్న పెద్దలు కూడా ఉన్నారట. లాస్ ఏంజెలిస్ లోని వాన్ నైస్ ఫ్యాక్టరీ లో ఇదే పద్ధతి పెట్టబోతే, ఇది మన ఉద్యోగాలు తగ్గించే ఎత్తు అని కార్మికులు అనుకున్నారు, మన అధికారం పోతుందని సూపర్‌వైజర్లు అనుకున్నారు. అదే కాలిఫోర్నియా, అదే దేశం, అదే యూనియను, 350 మైళ్ళ దూరం. 1992 లో అది మూతపడింది. కంపెనీ లో చాలాచోట్ల మేనేజర్ బోనస్ ఇంకా ఎన్ని కార్లు బయటికెళ్ళాయన్న దాని మీదే ఉండేది. అలాంటి చోట తాడు కడితే ఎవరు లాగుతారు, బట్టలారేసుకోవడానికి తప్ప.

అలాగని టయోటా ఎక్కడికెళ్తే అక్కడ ఈ మంత్రం పనిచేసిందనుకుంటే పొరపాటు. బెంగళూరు పక్కన బిడది లో ఫ్యాక్టరీ పెట్టారు, మన నైట్ షిఫ్టు క్వాలిస్ లు వచ్చింది అక్కణ్ణుంచే. 2006 జనవరి లో క్రమశిక్షణ చర్యల దగ్గర మొదలై సమ్మె, లాకౌట్. 2014 లో మళ్ళీ లాకౌట్, 2020 లో మళ్ళీ. అదే తాడు, అదే పాట. ఫ్రీమాంట్ లో యూనియను తో ముందే కూర్చుని మాట్లాడుకున్నట్టు ఇక్కడ జరగలేదని నా అభిప్రాయం. దీనికీ "ఇండియన్ కల్చర్" అని ఎవరో స్లైడు చేసే ఉంటారు.

నమ్మీ కథ కూడా సుఖంగా ముగియలేదు. 2009 జూన్ లో జి.ఎం. దివాలా తీసింది, భాగస్వామ్యం లోంచి తప్పుకుంది. ఆ ఆగస్టు లో టయోటా కూడా ఇక మూసేస్తున్నామని ప్రకటించింది. 1988 లో ఒక్కరినీ తియ్యని కంపెనీయే 2010 లో సుమారు 4,700 మందిని ఇంటికి పంపింది. మూసేస్తారని తెలిశాక కూడా నెలల తరబడి అదే లైను మీద కార్లు చేశారు వాళ్ళు. 2010 ఏప్రిల్ 1 న చివరి కారు బయటికొచ్చింది, ఎర్ర రంగు కరోలా. మరుసటి నెలలోనే టెస్లా 4 కోట్ల 20 లక్షల డాలర్లకి ఆ ఫ్యాక్టరీ కొంటున్నట్టు వార్త వచ్చింది.