ముందు తెలుపు, తర్వాత నీలం

రండి, కిటికీ పక్క కుర్చీ లాక్కుని కూర్చోండి. అమెరికాలోని కొలంబస్‌లో డిసెంబరు కదా, ఐదున్నరకే బయట చీకటి పడిపోయింది. భోజనాల బల్ల మీద మా వదిన పాత పేపర్లు పరిచేసింది. గోడ వారనున్న జాలీలోంచి వేడిగాలి ఆగకుండా వస్తోంది. మీ స్వెటర్ చేతిని ఒకసారి తడిమి చూడండి, చిటపటమంటుంది. ఆ చిటపట సంగతి కాసేపట్లో చెబుతాను.

ఇరుగుపొరుగుకూ, పిల్లల టీచర్లకూ ఏటా వెళ్లే క్రిస్మస్ కార్డులన్నీ ఈ బల్ల మీదే తయారవుతాయి. ఇవాళ ఒకటి మీ చేత చేయిస్తానంది వదిన.

కాగితం పని చిటికెలో అయిపోతుంది. 8.5 బై 11 అంగుళాల దళసరి తెల్ల కాగితాన్ని 5.5 దగ్గర రెండుగా కోసి, ఒక సగానికి 4.25 దగ్గర మొద్దు మొనతో గాడి గీసి మడిచేయడమే. గాడి గీస్తే రెండోవైపు చిన్న గట్టులా లేస్తుంది చూడండి, ఆ గట్టు మడత లోపలికి రావాలి. అటుది ఇటు మడిస్తే అంచు పగులుతుంది. దీన్ని పక్కన పెట్టేయండి. బొమ్మ దీని మీద వేయం. 4 బై 5.25 అంగుళాల వాటర్‌కలర్ పేపరు ముక్క మీద వేసి, ఆఖర్న దీనికి అంటిస్తాం.

"ముందు సంచీ అద్దండి," అంది వదిన. వేలెడంత గుడ్డసంచీ, నిండా సన్నటి పొడి. దాన్ని కాగితమంతా తాటించి తుడవాలి. చిటపట చెప్పానే, దానికిదే మందు. చలికాలం ఇంట్లో గాలి ఎండిపోయి కాగితానికి కరెంటు పడుతుంది. అలా వదిలేస్తే తర్వాత చల్లే ఎంబాసింగ్ పౌడరు వద్దన్నచోట కూడా అతుక్కుని, బొమ్మ చుట్టూ తెల్లటి పొక్కులు తేలతాయి.

ఇప్పుడు అచ్చు. గాజులా కనిపించే మెత్తని పాలిమర్ మీద మంచు పట్టిన పైన్ కొమ్మ చెక్కి ఉంది. ఎర్ర రబ్బరు అచ్చులు గీత సన్నగా, దిట్టంగా పడతాయని పాతకాపులంటారు, నిజమే. కానీ కొత్తవాళ్లకు నేను ఇదే ఇస్తాను. అచ్చులోంచి కింద కాగితం కనిపిస్తుంది కాబట్టి ఎక్కడ పడుతుందో ముందే తెలుస్తుంది. దీన్ని అక్రిలిక్ దిమ్మకు అంటించి, వెర్సామార్క్ ప్యాడ్ మీద మెల్లగా తాటించండి. ఆ సిరాకు రంగు లేదు, జిగట మాత్రమే ఉంది. కాగితం మీద నిటారుగా దించి, అరచేతి బరువంతా సమంగా పెట్టండి. అటూ ఇటూ ఊపొద్దు, ఊపితే దిమ్మ అంచు కూడా ముద్ర పడుతుంది. ఇక తిన్నగా పైకెత్తండి.

కాగితం మీద ఏమీ కనబడదు. ఫరవాలేదు, తెల్ల పౌడరు ధారాళంగా పోసేయండి. వంచి, వెనక వేలితో రెండుసార్లు తడితే మిగిలిందంతా జారిపోయి కొమ్మ బయటపడుతుంది. సూది మొనంత ఆకులు కూడా లెక్కపెట్టొచ్చు. జారిన పొడి మళ్లీ సీసాలోకే.

"హెయిర్ డ్రయ్యర్ సరిపోదా?" అని అడిగారా? చాలదు. దానికి గాలెక్కువ, వేడి తక్కువ, పౌడరంతా ఎగరగొట్టేస్తుంది. హీట్ గన్ తీసుకోండి. కాసేపు పక్కకు తిప్పి కాగనిచ్చి, అప్పుడు కాగితం వైపు తేవాలి. కళ్లు తిప్పకుండా చూడండి. మొదట ఏమీ జరగదు. పొడి పొడిగానే ఉంటుంది. ఇంతలో కొమ్మ చివర ఒక్క ఆకు, పెనం మీద నెయ్యిలా, ఉన్నట్టుండి కరిగి మెరుస్తుంది. ఆ మెరుపు పక్క ఆకుకీ, అక్కణ్నుంచి కాడకీ పాకుతుంది. గన్‌ను దాని వెంటే నడపండి. మెరిసిన చోట ఆగొద్దు, ఎక్కువ కాలితే కాగితంలోకి ఇంకి చదునైపోతుంది. ఎన్ని కార్డులు చేసినా ఈ అరనిమిషం కోసం వదిన వంగి చూస్తూనే ఉంటుంది. నేనూ అంతే.

తెల్ల కాగితం మీద తెల్ల కొమ్మ. ఇదేం అందమనిపిస్తోందా? బ్రష్షు తీసుకోండి. నీలం సిరా ప్యాడ్ మీద అద్ది, కాగితం బయట పేపరు మీద గుండ్రంగా తిప్పుతూ మొదలుపెట్టి లోపలికి రండి. నేరుగా మధ్యలో పెడితే మచ్చ పడిపోతుంది, ఇక పోదు. ముందు లేత నీలం, అంచులకు ముదురు నీలం. నీలం చిక్కబడే కొద్దీ కొమ్మ తెల్లగా పైకి తేలుతుంది. కరిగి గట్టిపడ్డ ఆ పౌడరుకు సిరా పట్టదు. మీద మిగిలిన మరకను టిష్యూతో తుడిచేయొచ్చు.

ఈ కిటుకు మనకు కొత్త కాదు. కోరమాండల్ తీరంలో కలంకారీ పనివాళ్లు బట్టను నీలిమందు తొట్టిలో ముంచేముందు, నీలం అంటకూడని చోటల్లా మైనం పూసేవారు. తెలుపు దక్కాలంటే తెలుపునే ముందు కాపాడుకోవాలి. అసలు కార్డు పనంతా ఈ వరసలోనే ఉంది. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ వేయించిన, మొదటిదని చెప్పే క్రిస్మస్ కార్డుకూ ఒక వరస ఉంది. జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ గీసిన బొమ్మను ముందు గీతలుగా అచ్చుకొట్టి, తర్వాత చేత్తో రంగులద్దారు. ఒక్కో కార్డు ఒక షిల్లింగు.

వేళ్లు నీళ్లలో ముంచి నీలం మీద విదిలించండి. ఈ రకం సిరా నీరు తగిలినచోట పాలిపోతుంది. కాసేపాగి టిష్యూ అద్దితే, అదిగో, మంచు కురుస్తోంది. ఇక్కడ మెరుపు పొడి చల్లుదామంటే మాత్రం నేను ఒప్పుకోను. ఈ ఆకాశానికి అది దండగ.

ఇక డైలు. పల్చటి స్టీలు చట్రం, ఒకవైపు అంచు పదును, ఆకారం దేవదారు చెట్టు. ప్లాస్టిక్ పలక, ఆకుపచ్చ కాగితం, దాని మీద పదునైన వైపు కిందికి బోర్లించిన డై, పైన ఇంకో పలక. డై కదలకుండా చిన్న టేపు ముక్క. అన్నిటినీ కలిపి డై కోసే యంత్రం నోట్లో పెట్టి పిడి తిప్పండి. పలకలు ఫటఫటమంటాయి, కంగారు పడకండి, వాటి తీరే అంత. అవతల బయటికొచ్చాక డై ఎత్తితే చెట్టు దానికే పట్టుకుని ఉంటుంది. వెనక రంధ్రాల్లోంచి సూదితో ఒక్కొక్క చోటా పొడిచి విడిపించాలి. తొందరపడితే కొమ్మ చిరుగుతుంది. వచ్చేసారి మధ్యలో మైనపు కాగితం పెట్టుకుంటే సులువుగా ఊడుతుంది.

చెట్లు మూడు, పచ్చలు మూడు రకాలు. వెనకది జిగురుతో అంటించండి. జిగురు తడిగా ఉన్నంతసేపూ అటూ ఇటూ జరిపి సరిచూసుకోవచ్చు. ముందువాటి కింద రెండువైపులా జిగురున్న ఫోమ్ ముక్కలు పెడితే నీడ పడేంత ఎత్తు లేస్తాయి. మీరు ఫోమ్ మీద కాగితం ఒలుస్తుంటే వదిన చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగండి, ముందు కార్డు లోపల రాసేయండి. ఫోమ్ పెట్టాక రాస్తే కింద ఎగుడుదిగుడై కలం ఒత్తు సరిగా పడదు."

ఎవరికి రాస్తున్నారో వాళ్ల పేరుతో మొదలుపెట్టండి. ఈ ఏడాది వాళ్లు మీకు చేసిన సాయం ఏదైనా ఉంటే అదే రాయండి. మంచు పడ్డరోజు మీ గుమ్మం ముందు కూడా పారతో ఎత్తిపోశారనో, ఊరెళ్లినప్పుడు ఉత్తరాలు తీసి దాచారనో. నాలుగు వాక్యాలు చాలు. సిరా ఆరాక మిగతా చెట్లు అంటించి, బొమ్మ ముక్కను కార్డుకు బిగించండి.

తెనాలి వెళ్లే కార్డులకు వదిన ఫోమ్ వాడదు, అంతదూరం సంచుల్లో నలుగుతాయని అన్నీ జిగురుతోనే చదునుగా అంటిస్తుంది. మీది ఇక్కడికే కాబట్టి ఎత్తు ఉండొచ్చు, కానీ పావు అంగుళం దాటితే ఇక్కడి తపాలావాళ్లు దాన్ని ఉత్తరంగా ఒప్పుకోరు. అంతలోపున్నా ఎగుడుదిగుడుగా ఉంటే యంత్రంలో పోదని అదనంగా తీసుకుంటారు. వదిన కవరును వేళ్ల మధ్య నొక్కి చూసి, "ఇంకో స్టాంపు పడుతుంది," అంటూ డబ్బా మీ వైపు జరిపింది.