గోటి రంగు: మైదాకు నుంచి నెయిల్ పాలిష్ వరకు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు 2016లో పాలమూరు నుంచి వేరుపడి మూడు జిల్లాలయ్యాయి. అయినా ఆషాఢంలో మైదాకు నూరి చేతులకు పెట్టుకొనే ఆచారం మూడింటికీ ఉమ్మడిదే. గోరింట అన్న దాని మరో పేరులో గోరు వినిపిస్తూనే ఉంటుంది. మన ఆడవారి తొలి గోటి రంగు ఇదే.

ఈ మొక్క శాస్త్రనామం లాసోనియా ఇనర్మిస్. నూరిన ఆకు నుంచి లాసోన్ అనే వర్ణకం వెలువడి, గోటిలోని కెరటిన్‌తో పెనవేసుకొంటుంది. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు మాత్రమే పెరుగుతుంది. అందువల్ల అరచేతి ఎరుపు రెండు మూడు వారాల్లో వెలిసినా, గోటి ఎరుపు నెలల తరబడి నిలిచి, చివరకు కొనన నెలవంకలా మిగులుతుంది.

నెయిల్ పాలిష్ తీరు వేరు. అది గోటిలో ఇంకదు, పైన పొరగా ఆరుతుంది. ప్రాచీన చైనాలో తేనెమైనం, గుడ్డు తెల్లసొన కలిపి ఇటువంటి పూతలు చేసేవారు. 20వ శతాబ్దంలో నైట్రోసెల్యులోజ్ ద్రావణం వాటి స్థానాన్ని ఆక్రమించింది. 1932లో అమెరికాలో రెవ్లాన్, 1952లో మన దేశంలో లాక్మే సంస్థలు ఆరంభమయ్యాయి. క్రమంగా ఆ చిన్న సీసాలు మన ఊళ్ళ గాజుల దుకాణాలకూ చేరాయి.

ఇంకినదైనా పూసినదైనా, రంగు గోటిని కప్పివేస్తుంది. వైద్యుడికి గోరు ఒక అద్దం. పాలిపోతే రక్తహీనతను, నీలమైతే ప్రాణవాయువు కొరతను, చెంచాలా గుంటపడితే ఇనుము లోపాన్ని సూచిస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ళ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనులే. ఎర్రని గోళ్ళ వెనుక ఆ పాలిపోవడం కనిపించదు. కనుక గోళ్ళను చూసి నిశ్చింతగా ఉండరాదు. అలసట, ఆయాసం ఉంటే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవాలి.

శస్త్రచికిత్సకు ముందు నెయిల్ పాలిష్ తుడిచివేయాలి. ముదురు రంగులు పల్స్ ఆక్సీమీటరు లెక్కను తప్పించగలవు. మైదాకు తుడిస్తే పోదు గనుక, పెట్టుకొన్న సంగతి వైద్యునికి చెప్పాలి. త్వరగా నల్లగా పండే ‘నల్ల మెహందీ’లో పీపీడీ అనే రసాయనం కలపడం కద్దు. దానివల్ల చర్మం బొబ్బలెక్కవచ్చు. జీ6పీడీ లోపమున్న పసిబిడ్డలకైతే అసలైన మైదాకు సైతం ప్రమాదకరమే. దానివల్ల వారి ఎర్ర రక్తకణాలు చిట్లిపోవచ్చు. పెద్దల చేతులకు ఇంటి పెరటి ఆకు చాలు, పసివారి చేతులకు ఏ రంగూ వద్దు.