నానీమా జోషాందా

గొంతు పట్టేస్తే మా నానీమా దవాఖానా కంటే ముందు బావర్చీఖానాలోకి వెళ్లేది. ములేఠీ, ఉన్నాబ్, సపిస్తాన్, బనఫ్షా నీళ్లలో వేసి సగమయ్యేదాకా మరిగించేది. అదే జోషాందా. ఫార్సీలో 'జోషీదన్' అంటే మరగడం. ములేఠీ మన అతిమధురమే, ఉన్నాబేమో రేగుపండుకి చుట్టం. యూనాన్‌లో పుట్టిన తిబ్ అరబ్బీ, ఫార్సీ కితాబుల మీదుగా వచ్చి మా పొయ్యెక్కింది.

1920లో హైదరాబాదులో హకీమ్ మొయిజుద్దీన్ ఫారూఖీ జిందా తిలిస్మాత్ తెచ్చారు. యూకలిప్టస్ నూనె ఘాటున్న ఆ సీసా మా తాఖ్‌లోకీ చేరింది. అయినా నానీమా జోషాందా మానలేదు.

తారీఖ్‌లో హకీముల పేర్లున్నాయి. నుస్ఖా కాచి, పిల్లల మొహం చూసి మిస్రీ ఎంతో తేల్చిన ఆడవాళ్లవి లేవు. నానీమా కొలతలన్నీ ఆమె వేళ్లలోనే ఉండేవి. ఊరందరి కబుర్లూ రాసే సహాఫీని, అవి మాత్రం అడిగి రాసుకోలేదు.